ఫొటో అడిగే రంగు

విజయవాడ

చి. బుజ్జికి,

తాతయ్య సహస్ర చంద్ర దర్శనానికి నీ చేత్తో ఆల్బమ్ చేసిస్తానన్నావట. పెయింట్ల కొట్లో ఉండే షేడ్ కార్డులు దానికి పనికొస్తాయా అని అడిగావని మీ అమ్మ చెప్పింది. పనికొస్తాయి, చాలా బాగా పనికొస్తాయి. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను. కత్తెర పట్టుకునే ముందు ఉత్తరం మొత్తం ఒకసారి చదువు.

ముందు కార్డులు తెచ్చుకునే సంగతి. అమెరికాలో హోమ్ డిపో, లోస్ లాంటి పెద్ద దుకాణాల్లో ఈ కార్డులు గోడ పొడవునా అరల్లో పెట్టి ఉంచుతారు. ఇంటికి రంగు వేయించుకునేవాళ్లు తీసుకెళ్లి గోడ పక్కన పెట్టి చూసుకుంటారు, డబ్బు అడగరు. చాలా కార్డులు పొడుగాటి పట్టీలు. ఒకే రంగు లేత నుంచి ముదురు దాకా మెట్లు మెట్లుగా దిగుతుంది. అక్కడి స్క్రాప్‌బుక్ వాళ్లకు అవి నచ్చింది ఆ మెట్ల కోసమే. మన దగ్గర ఎక్కువగా దొరికేది మడతల షేడ్ కార్డు. దాని మీద బొటనవేలి గోరంత రంగు ముక్కలు వరసగా ఉంటాయి; పట్టీయో పెద్ద కార్డో కావలసినచోట ఒకే రంగు ముక్కల్ని పక్కపక్కన అతికించుకో. వెయ్యికి పైగా రంగులుండే ఫ్యాన్ డెక్ డీలరుకు రోజూ కావలసిన వస్తువు, దాన్ని అడగకు. "అంకుల్, పాత షేడ్ కార్డులుంటే ఇస్తారా" అని అడుగు. కంపెనీ రంగుల వరస మార్చినప్పుడు పాతవి వాళ్లకు అక్కర్లేదు, తూకానికి వేసేస్తారు. అవి తెచ్చుకో. ఎవరూ చూడట్లేదు కదా అని కొత్త కార్డులు గుప్పెడు పట్టుకురావద్దు. అవి ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం పెట్టినవి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుదలగానే ఉంటాను.

రంగు కాగితాలు కొనుక్కుంటే పోదా అని మీ నాన్న అనొచ్చు. అచ్చు వేసిన రంగు కాగితాన్ని భూతద్దంలో చూడమను. నాలుగు సిరాల చుక్కలు పక్కపక్కన చేరి మన కంటికి ఒక రంగులా కనిపిస్తున్నాయని తెలుస్తుంది. మంచి షేడ్ కార్డు మీద ఉండేది పూత. చుక్కల్లేకుండా అంతా ఒకే నిండుదనంతో ఉంటుంది. అచ్చులో రాని రంగులు కూడా పూతలో వస్తాయి.

రంగుల్ని ముక్కలుగా అతికించి చూపడం చాలా పాత పద్ధతి. వెర్నర్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు రంగులకు పెట్టిన పేర్లను తీసుకుని, ప్యాట్రిక్ సైమ్ అనే చిత్రకారుడు 1814లో ఎడిన్‌బరోలో ఒక పుస్తకం వేశాడు. 1821 కూర్పులో 110 రంగులున్నాయి. ఒక్కో రంగు ముక్క పక్కన అది ఏ జంతువులో, ఏ మొక్కలో, ఏ ఖనిజంలో కనిపిస్తుందో రాశాడు. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ ఎక్కినప్పుడు ఈ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లాడు. తను చూసిన ప్రాణుల రంగుల్ని దీన్ని పక్కన పెట్టుకునే రాసుకునేవాడు. నువ్వూ ఆ పని చెయ్యి. తెచ్చిన కార్డులతో ఒక పూట పెరట్లో తిరుగు. ఏ ముక్క కనకాంబరానికి సరిపోయింది, ఏది గోరింటాకు ముదురాకుకి, ఏది తడిసిన ఇటుకకి అన్నది ముక్క వెనక పెన్సిల్‌తో రాసుకో. రెండు మూడు రోజులు చేస్తే, ఇన్నాళ్లూ ఉత్త ఆకుపచ్చ అనుకున్నదాంట్లో పసుపు పాలు ఎంతో, నీలం పాలు ఎంతో నీ కన్నే చెబుతుంది. ఆల్బమ్ పని దాని తరవాతే మొదలుపెట్టు.

ఇక అసలు మాట. పేజీకి ఏ రంగు కావాలో నీ ఇష్టాన్ని అడగొద్దు, ఫొటోని అడుగు. తెల్ల కాగితం మధ్యలో కందిగింజంత రంధ్రం చేసి, దాన్ని ఫొటో మీద మెల్లగా జరుపు. చుట్టూ ఉన్నవి కనబడకుండా పోయి ఆ చోటు రంగు ఒక్కటే బయటపడుతుంది. అమ్మమ్మ చీర ఎరుపు అనుకుంటావు. రంధ్రంలోంచి చూస్తే వాడిన మందార రంగు. దానికి సరిపోయే ముక్క కార్డులో వెతుకు. పగలు, కిటికీ దగ్గర కూర్చుని వెతుకు. ట్యూబులైటు కింద కలిసిపోయిన రెండు రంగులు ఎండలో విడిపోతాయి. చీరల కొట్లో అమ్మ చీరని గుమ్మం దాకా పట్టుకొచ్చి చూడటం నీకు తెలిసిందేగా, ఇదీ అంతే. ఒక పేజీకి ఫొటోలోంచి మూడు రంగులు చాలు: ఒకటి ఎక్కువగా, ఒకటి కొంచెం, మూడోది అక్కడక్కడ. అతికించాక పేజీని నిలబెట్టి దూరం నుంచి చూడు. తాతయ్య మొహం కంటే ముందు కార్డు కనబడితే, మొహమాటం లేకుండా ఊడదీసెయ్యి.

తాతయ్య పెళ్లినాటి నలుపు తెలుపు ఫొటోలు నిజానికి నలుపూ కాదు, తెలుపూ కాదు. ఇన్నేళ్లకి తెలుపు మీగడ రంగుకి తిరిగింది, నలుపులో గోధుమ ఛాయ వచ్చింది. వాటి వెనక పాలలాంటి తెల్ల కార్డు పెడితే ఫొటో మాసినట్టు కనిపిస్తుంది. గంధం రంగు, లేత బూడిద, ఎండుగడ్డి రంగుల పట్టీల్లో వెతుకు. చల్లని నీలి బూడిద వద్దు.

తొంభైల ముందు నాటి కలర్ ఫొటోలతోనే చిక్కు. ఆనాటి కాగితంలో నీలి ఛాయనిచ్చే రంగు మిగతావాటికంటే ముందే వెలిసిపోయేది. పెట్టెలో పెట్టి ఉంచినా వెలిసేది. అందుకే మీ అమ్మ చిన్నప్పటి ఫొటోలన్నీ ఎర్రబడ్డాయి. ఎర్రబడ్డ ఫొటో చూడగానే, పక్కన చల్లగా ఒక ఆకుపచ్చో నీలమో పెడితే ఎరుపు తగ్గుతుందని అందరికీ అనిపిస్తుంది. జరిగేది దానికి ఉల్టా. ఎందుకో చెబుతాను.

ప్యారిస్‌లో గోబెలిన్స్ అని పేరున్న నేత కార్ఖానా ఉంది. అక్కడ అద్దకం విభాగానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధిపతిగా ఉండేవాడు. మీరు అద్దిన నల్ల నూలు నల్లగా ఉండటం లేదని ఆయన దగ్గరికి ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. ఆ నల్ల నూలుని నీలం, ఊదా నూలు పక్కన వాడుతున్నారు; వాటి పక్కన చేరేసరికి నలుపు పస తగ్గి కనిపిస్తోంది. పక్క రంగు మన కంటిని ఇలా మారుస్తుందని గట్టిగా పట్టుకుని, ఆ సూత్రాల మీద 1839లో ఆయన పెద్ద గ్రంథమే వెలువరించాడు.

ఇది నువ్వు షేడ్ కార్డులతో ఐదు నిమిషాల్లో చూడొచ్చు. ఒకే బూడిద రంగు ముక్కని రెండుగా కత్తిరించు. ఒకటి ఎర్ర కార్డు మధ్యలో, ఒకటి ఆకుపచ్చ కార్డు మధ్యలో పెట్టు. ఎరుపులో ఉన్నది కాస్త పచ్చగా, పచ్చలో ఉన్నది కాస్త ఎర్రగా తోస్తుంది. ఇప్పుడు మీ అమ్మ ఫొటో తీసి పచ్చ కార్డు మీద పెట్టు. ఎరుపు ఇంకా పెరుగుతుంది. ఇటుక రంగు మీద పెట్టు. ఫొటోలో ఎరుపు తగ్గి, మొహాలకు మొహాల రంగు కొంత తిరిగొస్తుంది. అందుకని ఆ పేజీలకి ఇటుక, రాగి, పోకచెక్క రంగుల పట్టీలు తీసుకో. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. వెలిసిపోయిన ఫొటోని ముట్టుకోకుండానే బాగుచేయగలుగుతాం.

ముట్టుకోకుండా అన్నాను కాబట్టి ఇదీ విను. షేడ్ కార్డులు ఫొటోలను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాటి అట్టలో ఆమ్లం ఉండొచ్చు, అది ఫొటోని పసుపుపచ్చగా మార్చేస్తుంది. పీహెచ్ పెన్ను దొరికితే కార్డు వెనక వైపు చిన్న గీత గీసి చూడు. ఊదా రంగు వస్తే పరవాలేదు, పసుపు రంగు వస్తే ఆమ్లం ఉన్నట్టే. ఏది వచ్చినా కార్డుకీ ఫొటోకీ మధ్య యాసిడ్-ఫ్రీ కాగితం ఒకటి ఉండాలి. ఆల్బమ్ పేజీల మీద కూడా యాసిడ్-ఫ్రీ, లిగ్నిన్-ఫ్రీ అని రాసి ఉన్నవే కొను. ఫొటోలను జిగురుతో అతికించకు, మూలలకు కాగితపు కార్నర్లు పెట్టి నిలుపు. అసలు ఫొటోలను కత్తిరించే పని మాత్రం పెట్టుకోకు. కత్తిరించాలనిపిస్తే స్కాన్ చేయించి కాపీ కత్తిరించు.

కోయడానికి స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన కట్టర్ వాడు. ఒక్కసారే బలంగా లాగితే పూత అంచు పెచ్చులు లేస్తుంది. తేలిగ్గా రెండు మూడుసార్లు లాగు. మడత పెట్టేముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కు, లేకపోతే మడత దగ్గర పూత పగిలి తెల్లగా కనబడుతుంది. అతికించేది వెనక వైపు కాబట్టి ఫెవికాల్ పడుతుంది, పలచగా రాస్తేనే. ఎక్కువైతే తడికి కార్డు వంకర తిరుగుతుంది. అతికించాక రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచు. నున్నటి పూత మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, పేర్లూ తేదీలూ పర్మనెంట్ మార్కర్‌తో రాయి.

కొంతమంది అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెస్తారు. ఈమధ్య అచ్చయిన కార్డులతోనైతే చేసుకో. అటక మీద దొరికిన పాత కార్డుల్ని రుద్దకు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి కార్డుల పూతలో ఏముందో మనం చెప్పలేం; ఆ పొడి ముక్కుల్లోకి పోకూడదు.

ఆల్బమ్ మొదటి పేజీకి మామిడాకుల తోరణం వెయ్యి. ఆకుపచ్చ ఒక్కటే సరిపోదు. మామిడి చిగురు రాగి రంగులో మొదలై, లేతాకుపచ్చకి తిరిగి, చివరికి ముదురుతుంది. కాబట్టి రాగి పట్టీ, చిలకపచ్చ పట్టీ, ముదురాకుపచ్చ పట్టీ తీసుకుని ఆకులు కోసి కలగలిపి కట్టు. ప్రతి ఆకునీ నిలువునా గీత నొక్కి కొద్దిగా మడిస్తే ఈనె లేచి, ఆకు పేజీ మీంచి కాస్త పైకి నిలబడుతుంది. మిగిలిన చిన్న ముక్కల్ని పారెయ్యకు. ఆఫీసుల్లో ఫైళ్లకు వాడే పంచింగ్ మెషీన్‌తో కొడితే చుక్కలొస్తాయి. లేత రంగువి నడుమ, ముదురువి అంచున పెట్టి చుక్కల ముగ్గు వెయ్యి. సంక్రాంతి ఫొటోల పేజీకి అంతకంటే అలంకారం అక్కర్లేదు.

చివర నాలుగు పేజీలు ఖాళీగా వదిలిపెట్టు. అవి ఆ రోజు ఫొటోల కోసం. తాతయ్య ఏ పంచె కడతారో, వేదిక మీద ఏ పూలు కడతారో ఇప్పుడే తెలియదు. ఫొటోలు కడిగించాక ఇద్దరం కూర్చుని రంగులు తీద్దాం. ఈలోపు పెళ్లి ఫొటో పేజీ ఒక్కటి చేసి, పగటి వెలుతురులో ఫోన్‌తో తీసి నాకు పంపు. మీ అమ్మకి కూడా ఇంకా చూపించకు.

దీవెనలతో,
పెద్దమ్మ