ఇంటి పెట్టెలోని యుద్ధపతకము: దానిని చదువు విధము

మన ప్రాంతమున సైనికుల ప్రసంగము వచ్చినప్పుడెల్ల తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమే ముందుగా జ్ఞాపకమునకు వచ్చును. తరతరములుగా అచ్చటి కుటుంబములవారు సైన్యమునకు బోవుచుండుటచే ఆ యూరికి 'మిలిటరీ మాధవరము' అను పేరే స్థిరపడినది. అయితే యుద్ధమునకు వెళ్లినవారు ఆ యొక్క యూరివారే కారు. డెల్టా గ్రామములలో పాత పెట్టెలు తెరచినచో ఎవరిదో తెలియని పతకమొకటి అప్పుడప్పుడు బయటపడుచుండును.

ఈ సంవత్సరము మేము చరిత్ర తరగతివారిని, ఇంటనున్న పురాతన వస్తువు నొకదానిని తెచ్చి దాని కథ చెప్పవలెనని కోరితిమి. ఉండి గ్రామపు బాలుడొకడు గుడ్డపేలికలో చుట్టిన పతకమును తెచ్చెను. ఇంటిలో కొందరు దానిని బంట్రోతు బిళ్ల యనుకొనుచుండిరట. బాలుడు మాత్రము తన ముత్తాత సిపాయియై జర్మనులతో తుపాకి పట్టి పోరాడి దానిని గడించెనని తరగతి యెదుట సగర్వముగా జెప్పెను.

అట్టి పతకమును చదువుట ముఖమునుండి గాక అంచునుండి ఆరంభింపవలెను. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిషు పతకముల అంచున ఒక సంఖ్య, హోదా, పేరు, దళము పేరు వరుసగా అద్దబడి యుండును. ఈ బాలుని యింట ఏటేట పండుగకు చింతపండుతో తోముటచే అక్షరములు చాలవరకు అరిగిపోయినవి. దీపమును ప్రక్కనుండి ఏటవాలుగా చూపి, పలుచని కాగితమును అంచునకు చుట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దగా అవి యొక్కటొక్కటిగా తేలినవి.

ఆ యుద్ధమున పాల్గొన్నవారికి సామాన్యముగా నిచ్చినది వెండిపతకము. దాని ముఖమున అయిదవ జార్జి చక్రవర్తి శిరస్సు, వెనుక గుఱ్ఱమునెక్కిన వీరుడు, 1914, 1918 అను సంవత్సరములు నుండును. సుమారు రెండున్నర తులముల వెండి యగుటచే కంసాలి మూసలో కరగిపోయినవి లెక్కకు మించినవి. మా యెదుటనున్న పతకమునకును బొమ్మలవియే. కాని లోహము వెండి కాదు, కంచు. ఇట్టి కంచు పతకములు సుమారు 1,10,000 మాత్రమే పంచబడినవి. అవి చీనా, మాల్టా, భారతదేశముల కూలిదళములవారికి చెందినవి. అంచున సంఖ్య తరువాత 'కూలీ' అను మాట, ఇంటిపేరు లేని యొక పేరు కనబడినవి. బాలుడు మాటలాడలేదు. మరునాడు మాయొద్దకు వచ్చి, ఆ మాటను పత్రికలో వ్రాయవద్దని కోరెను.

వ్రాయుటకు ముందు ఆ మాటకు అర్థమేమో చూతమని వానితో జెప్పితిమి. మొదటి యుద్ధమునకు భారతదేశమునుండి చేర్చుకొన్నవారు పదునాలుగు లక్షలకు పైబడినవారు. వారిలో ఐదున్నర లక్షలకు మించినవారు ఆయుధము పట్టనివారే. మోతగాండ్రు, వంటవారు, కంచరగాడిదలను తోలువారు, డోలీ మోయువారు వారిలో నుండిరి. వీరిలో పలువురు మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకు దేశమునకు, పంపబడిరి. 1916 ప్రాంతమున బస్రా రేవులో సరకు దింపు వసతి చాలక ఓడలు వారములకొలది నదిలోనే నిలిచియుండెడివి. ముందున్న దండునకు తిండియు మందును అందలేదు. పిదప రేవుకట్టలు, బాటలు, రైలుమార్గములు లేచినవి. 1917 మార్చి 11న బాగ్దాదును పట్టుకొనుటకు ఆ పనియే వెన్నుదన్నైనది. 1916 ఏప్రిలు 29న కూట్ పట్టణమున లొంగిపోయిన సైన్యముతో వేలకొలది అనుచరులు గూడ చెరపట్టబడిరి. తుపాకి లేనంతమాత్రమున ఎండయు, కలరాయు, శత్రువును వారిని విడువలేదు. ఒకే యుద్ధమునకు వెండియు కంచును వేరుచేసి పంచిన దొరతనపు లెక్క మాకు న్యాయముగా తోచదు.

అంచు చదివిన పిమ్మట దస్తావేజులు వెదకువారికి రెండు చిక్కులున్నవి. మొదటిది జిల్లా పేరు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరము తాలూకాలు గోదావరి జిల్లానుండి కృష్ణాజిల్లాకు మార్చబడినవి. పశ్చిమగోదావరి జిల్లా 1925లో గాని ఏర్పడలేదు. కాబట్టి మొదటి యుద్ధకాలపు పత్రములలో ఉండివానిని 'కిస్ట్నా' జిల్లా క్రింద వెదకవలెను. ఏలూరు 'ఎల్లోర్' అని యుండును. ఎల్లోరా గుహలని భ్రమపడరాదు. రెండవది పేరు. మన యింటిపేరు ముందుండునని ఇంగ్లీషు గుమస్తాలకు తెలియదు గనుక, పేరుకంటె సంఖ్యనే నమ్ముకొనుట మేలు. దళముల పేర్లును మారినవి: పలు మద్రాసు పదాతిదళములు 1922లో మూడవ మద్రాసు రెజిమెంటుగా కూర్చబడి, కొలది యేండ్లకే రద్దయి, రెండవ యుద్ధకాలమున మరల లేచినవి.

రెండవ యుద్ధపు పతకములను గుర్తించుట సులభము. ఆరుకోణముల నక్షత్రముపై ఏ రణరంగమో వ్రాసియే యుండును. బర్మా నక్షత్రపు పట్టీకి నడుమ ఎఱుపు, ఇరుప్రక్కల నీలము, ఆ నీలములో నారింజచార గలవు. అవిభక్త భారతదేశపు పటము చెక్కిన పతకమున్నచో, ఆతడు మూడేండ్లు దేశములోనే కొలువు చేసెనని గ్రహింపవలెను. యుద్ధమున మరణించినవారి పేర్లు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి పట్టికలలో, పలుచోట్ల తండ్రిపేరుతోను గ్రామముతోను, దొరకును.

ఇక మా బాలుని ముచ్చట. పతకముమీద ఊరుపేరు గాని, పనిచేసిన చోటు గాని లేదు. అందుచే వాని నాయనమ్మగారిని చూడబోతిమి. ఆమెకు ఎనుబదియైదేండ్లు; ఆ ముత్తాత ఆమెకు మామగారు. బాలుడు సంకోచించుచు అంచుమీది మాటను చదివి వినిపించెను. ఆమె యించుకయు ఆశ్చర్యపడలేదు.

"మావయ్యగారు తుపాకి పట్టానని ఏనాడూ అనలేదు నాయనా. బస్రాలో ఓడ బస్తాలు మోశామనీ, ఆ ఎండకు మనుషులు పిట్టల్లా రాలిపోయారనీ చెప్పేవారు. తుపాకి మాట మీ తాతయ్య కలిపింది" అని నవ్వెను.

బాలుడు నోటుపుస్తకమును తెరచి 'సిపాయి' అని వ్రాసినచోట ఆ మాటను కొట్టివేసి, అంచుమీది మాటనే వ్రాసెను. పత్రికకు ఇచ్చుకొమ్మని తానే చెప్పెను. పతకము మరల పెట్టెలోనే యున్నది. చింతపండుతో తోముట మాత్రము మానిరి.