నాయకుని నోటిమాట

పాఠ్యభాగములు: న్యాయాధిపతులు 8:1–3, 11:1–3, 12:1–6

నాయకుడనగానే మనకు ప్రసంగపీఠమే జ్ఞాపకము వచ్చును. కాని నాట్లకు కూలీలను తీసికొనిపోవు ముఠామేస్త్రీయు, బడిలో పంతులుగారును, పెండ్లివంటకు పదిమందిని పెట్టుకొని పని చేయించు అక్కయు నాయకులే. పనిచోట వారు మాటలాడు తీరునుబట్టి వారి నాయకత్వము పెరుగును, లేదా ఉన్నచోటనే ఆగిపోవును. నాది చాలకాలము ఆగిపోయినది. ఆ సంగతియే ఈ నెల వ్రాయుచున్నాను.

ఎఫ్రాయిమీయులు ఇద్దరు నాయకులయొద్దకు ఒకే ఫిర్యాదు తెచ్చిరి. యుద్ధమునకు తమ్మును ఏల పిలువలేదని వారి కోపము. మొదట గిద్యోనుతో గట్టిగా కలహించిరి. అతడు శత్రువులను తరుముచు అలసియున్న సమయమది. అయినను అతడు తన వంశపువారు కోసిన పంటకంటె ఎఫ్రాయిమీయులు ఏరుకొన్న పరిగెయే మేలని చెప్పి, శత్రువుల అధిపతులను పట్టుకొన్న ఘనతను వారికే ఇచ్చెను. వారి కోపము చల్లారెను.

కొంతకాలమునకు వారే యెఫ్తామీదికి వచ్చిరి. ఈసారి ఇల్లు తగులబెట్టుదుమని బెదరించిరి. గిలాదువారిని పారిపోయివచ్చినవారని ఎగతాళి చేసిరి. గనుక తప్పంతయు యెఫ్తాదని నేననను. నేను పిలిచినను మీరు రాలేదని అతడు బదులిచ్చెను. అతని వాదము న్యాయమైనదే కావచ్చును. కాని మాట అక్కడ ఆగక కత్తివరకు పోయెను. యొర్దాను రేవులయొద్ద పారిపోవువారిచేత ‘షిబ్బోలెతు’ అనిపించి, ‘సిబ్బోలెతు’ అన్నవానినెల్ల చంపిరి. పడినవారు 42,000 మంది.

గిద్యోనుకు దొరికిన మెత్తని మాట యెఫ్తాకు ఏల దొరకలేదు? పదునొకండవ అధ్యాయపు మొదటి వచనములు చూడుడి. అతడు వేశ్యకు పుట్టినవాడని సహోదరులు ఇంటినుండి తోలివేసిరి. చిన్ననాట చెవిలో పడిన కఠినమైన మాట, అధికారము వచ్చిన దినమున నోట పలుకునని నాకు తోచుచున్నది. లేఖనము అట్లు చెప్పలేదు, ఇది నా తలంపు మాత్రమే. అది నాకు ఊరక కలుగలేదు.

సెమినరీ చదువు ముగించి ఈ గ్రామమునకు వచ్చిన మూడవయేట ప్రార్థనా మందిరము కట్టుటకు మొదలుపెట్టితిమి. మృగశిర కార్తె దగ్గరపడుచున్నది, పైకప్పు ఇంకను వేయలేదు. ఒక ఉదయమున తూకపు గుండు వేసి చూడగా తూర్పుగోడ ఒరిగియున్నది. పెద్దమేస్త్రీ నా తండ్రి యీడువాడు. తట్టలు మోయుచున్న స్త్రీలందరియెదుట, “ఒరేయ్, కళ్లు కనబడటం లేదా నీకు?” అని కేకవేసితిని. అతడు మారుమాట పలుకలేదు. తాపీ కడిగి సంచిలో పెట్టుకొని వెళ్లిపోయెను. తక్కినవారును అతనివెంట వెళ్లిరి. ఎనిమిది దినములు పని నిలిచిపోయినది.

అతడే వచ్చునని నేను కనిపెట్టుకొనియుంటిని. చదువుకొన్నవాడనుగదా! తొమ్మిదవ దినమున, మబ్బు పట్టుట చూచి, భయపడి అతని ఇంటికి పోతిని. నాకు మంచము వాల్చి, తాను నేలమీదనే కూర్చుండి ఇట్లనెను:

“గోడ వంకరే అయ్యగారూ. పడగొట్టి మళ్లీ కట్టేవాణ్ణే. దానికి కూలి కూడా అడిగేవాణ్ణి కాదు. ఆ మాట మా నాయన్ని ఊళ్లో పెద్దోళ్లు అనేవారు. మీ నాయన్నీ అన్నారు. దేవుడి గుడికాడ కూడా అదేనా?”

నా తండ్రి పాలేరు. ఆ పిలుపు నేను గట్టుమీద నిలువబడి వినినవాడను. చెవులు మూసికొనవలెననిపించిన ఆ మాటయే నా నోట వచ్చెను. క్షమించుమని అడిగితిని. మరునాడు అతడు వచ్చి మూడు వరుసలు విప్పి గోడ సరిచేసెను.

దేవునినే ‘నీవు’ అని పిలుచుచున్నాము, ఇక మనుష్యులకు ‘మీరు’ ఏల అని ఒక సహోదరుడు నాతో వాదించెను. బిడ్డ తండ్రిని ‘నీవు’ అనుట చనువు. తండ్రి యీడువానిని కూలికి వచ్చినందున ‘ఒరేయ్’ అనుట చనువు కాదు.

అటుతరువాత తప్పు కనబడినప్పుడు మనిషిని ప్రక్కకు పిలిచి చెప్పుటకును, కన్నులనుగూర్చి గాక గోడనుగూర్చి మాటలాడుటకును అలవాటు చేసికొంటిని. సంఘపెద్దల కూటములో ‘మేము నిశ్చయించితిమి, మీరు చేయుడి’ అనుట మానుటకు మరికొన్ని యేండ్లు పట్టినది. నెహెమ్యా రాజునకు పానపాత్ర అందించిన ఉద్యోగి. అయినను యెరూషలేము పాడుగోడయెదుట తన్నుకూడ పనివారిలో కలుపుకొని మాటలాడెను. ఆ గోడ 52 దినములలో ముగిసెను. మన తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. నాయకుడు ఏ ప్రక్క నిలిచియున్నాడో వినువారికి వెంటనే తెలిసిపోవును.

అయినను నాలుక అంత త్వరగా లోబడదు. నిరుడు ఒక ఆదివారమున, కూలిపనికి పోవు ఒక సహోదరి వాక్యము చదువుచు ‘ష’ అనవలసినచోట ‘స’ అనెను. నేను పీఠముమీదనుండియే దిద్దితిని. వెనుక బల్లలో యౌవనులు నవ్విరి. ఆ రాత్రి యొర్దాను రేవులు జ్ఞాపకమునకు వచ్చి నిద్రపట్టలేదు. మరునాడే వెళ్లి క్షమాపణ అడిగితిని. ఆమె కాఫీ ఇచ్చి ఆదరించెను గాని, మరల చదువుటకు ఒప్పుకొనలేదు. గత నెలలో మరియొకసారి అడిగితిని. “చూద్దాం లెండి అయ్యగారూ” అని కొడవలి తీసికొని కోతకు వెళ్లినది.