జొన్న రొట్టె విరగకుండా రావాలంటే: గింజ నుంచి పెనం దాకా

మన దగ్గర జొన్నలు కొన్న పట్నం వాళ్లు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "అన్నా, రొట్టె విరిగిపోతున్నది, మీ జొన్నల్లో ఏమన్న తేడా ఉందా?" చాలాసార్లు గింజ మంచిదే ఉంటది, తేడా పిండిలోనో నీళ్లలోనో ఉంటది. ఇది మనం చెప్పకపోతే ఆ గిరాకీ రెండోసారి రాదు. అందుకే ఈ వంట పాఠం రైతుకు కూడా అవసరమే.

గోధుమ పిండిలో గ్లూటెన్ ఉంటది, పిసికితే సాగుతది. జొన్నలో అది లేదు. దీన్ని పట్టి ఉంచేది పిండి పదార్థం ఒక్కటే, అది వేడికి సగం ఉడికితేనే జిగురు వస్తది. చల్లనీళ్లతో కలిపి కొత్తవాళ్లు కొడితే అంచులు పగులుతయి.

వీడియోలో చూసినట్టు గ్లాసు పిండికి సుమారు గ్లాసు నీళ్లు తీసుకోండి. చిటికెడు ఉప్పేసి తెర్లనివ్వాలె. ఆ ఉడుకు నీళ్లు పిండి మీద పోసి గరిటెతో కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో బాగా పిసకాలె. మన అమ్మలు ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దను విడిగా తీసుకొని మళ్లా పిసుకుతరు, రొట్టె బలం అక్కడే ఉన్నది. పీట మీద పొడి పిండి చల్లి, తిప్పుకుంట తట్టాలె. చేత్తో తట్టుడు రాకపోతే కర్రతో ఒత్తుకోవచ్చు, దాంట్ల నామోషీ ఏం లేదు.

పెనం బాగా కాగినంక పొడి పిండి ఉన్న వైపు పైకి వచ్చేటట్టు వేసి, తడి బట్టతో పైన నీళ్లు రాయండి. తడి ఆరగానే తిప్పాలె. ఆలస్యమైతే పగుళ్లు వస్తయి. చివరికి నిప్పుల మీదనో మంట మీదనో పెడితే పొంగుతది.

ఇన్ని చేసినా విరిగితే పిండి పాతదని అర్థం. జొన్న మొలక భాగంలో నూనె ఉంటది. గిర్ని పట్టించినంక దానికి గాలి తగిలి పిండి వాసన మారుతది, చేదెక్కుతది, జిగురు కూడా తగ్గుతది. నెలల కొద్దీ ప్యాకెట్లలో పెట్టిన పిండి అమ్ముడు నాకు నచ్చదు. గింజ అమ్మండి, లేకపోతే ఆర్డరు వచ్చినంక వారానికి సరిపడా పట్టించి పంపండి. ప్యాకెట్ మీద పట్టించిన తేదీ, "ఉడుకు నీళ్లతోనే కలపాలి" అన్న మాట రెండూ రాయండి.

ఇక గింజ సంగతి. వానాకాలం జొన్న గింజ గట్టిపడే టైముకు వాన పడితే బూజు పట్టి నల్లబడతది, రొట్టెకు రుచి ఉండదు. మక్తల్ నల్లరేగళ్లలో సెప్టెంబరు, అక్టోబరులో మిగిలిన తడి మీద వేసే మాల్దండి (ఎం 35-1) పొడి వాతావరణంలో పండుతది, అందుకే గింజ ముత్యంలెక్క తెల్లగా మెరుస్తది. ఎకరాకు 4 కిలోల విత్తనం చాలు, బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టి వేసుకోండి. సొప్ప పశువులకు అదనం. నూర్చినంక గింజను పంటి కింద పెడితే కట్ మనేదాకా ఎండబెట్టాలె. తేమ ఉంటే పురుగొస్తది, పిండి కూడా ముద్ద కడతది.

నీళ్లొచ్చిన చోట వరి, పత్తి పెరిగి, జొన్న చేను ఇంటి అవసరానికి కూడా మిగలని ఊర్లున్నయి. అందరం వరి మానాలని నేననను. అరెకరం నల్లరేగడి ఉంటే మాత్రం జొన్నకు ఇచ్చి చూడండి.

పిండి అమ్ముడు ఇబ్బంది అనుకునేటోళ్లకు ఇంకో దారి ఉంది. రొట్టెను పల్చగా కొట్టి, సన్నని సెగ మీద కరకరలాడే దాకా ఆరబెడితే అది కడక్ రొట్టె. కృష్ణ దాటితే రాయచూరు, అటు కలబురగి దిక్కు దీన్ని కట్టలు కట్టి అమ్ముతరు. తడి తగలకపోతే చాలా రోజులు నిలువ ఉంటది. మహిళా సంఘం వాళ్లు ఉంటే ముందు పది కట్టలు చేసి మీ మక్తల్ సంతలో పెట్టి చూడండి.