ఆకలియు యావయు

తెలుగున ఆకలి వేరు, యావ వేరు. కడుపు నిండినవానికి ఆకలి యుండదు; తిండియావ యుండవచ్చును. లోకవ్యవహారమున నున్న ఈ భేదమునకు మెదడులోని మూలములను శరీరశాస్త్రజ్ఞులు ఇటీవలి దశాబ్దములలో కనుగొనుచున్నారు. ఆ విచారమునకు సంబంధించిన తొలి ప్రయోగములలో ఒకటి కలకత్తాలో జరిగినది.

1839లో కలకత్తా వైద్యకళాశాలయందు రసాయనశాస్త్రాచార్యుడైన విలియం బ్రూక్ ఓషాగ్నెస్సీ గంజాయి గుణములను పరీక్షించి ప్రకటించెను. రాజనిఘంటువులోని విషయములను మధుసూదన గుప్తుడు ఆయనకు తెలిపెను. ఒక నడితరపు కుక్కకు 10 గ్రెయినుల నేపాళపు చరసును సారాలో కరగించి యిచ్చిరి. అరగంటలో అది మత్తుగొనెను; కునికిపాట్లు పడుచు, నడుమ నడుమ ఉలికిపడి లేచి, పరమసంతుష్టివలె తోక నాడించుచు, తిండిని ఆత్రముగా తినెను. ఆరు గంటలకు యథాస్థితికి వచ్చెను.

భావప్రకాశము భంగను జఠరాగ్నివర్ధకమనియే చెప్పుచున్నది. గుణనిర్ణయము సరియైనదే. అయితే ఆ యగ్నిని రేపు ప్రధానస్థానము జఠరము కాదు, మెదడు అడుగుభాగమున నుండు హైపోతలమసు.

గంజాయిలోని మత్తుపదార్థమును 1964లో గవోని, మెషూలం వేరుచేసిరి. దానిని అందుకొను గ్రాహకము 1988లో తెలియవచ్చెను. అట్టి గ్రాహకము మెదడులో ఊరక యుండదు గదా! దానికి తగిన స్వదేహజన్యపదార్థము 1992లో దొరకినది. సంస్కృతమునందలి ఆనందశబ్దమునుండి దానికి ఆనందమైడు అని పేరిడిరి. పేరు సొంపైనదే గాని కొంత దారి తప్పించును. ఆనందముతోబాటు ఆకలియు దాని యధికారములోనిదే.

ఈ పదార్థములకు కళ్ళెము వేయునది లెప్టిన్ అను హార్మోను. కొవ్వుకణములనుండి పుట్టు దీనిని 1994లో కనుగొనిరి. లెప్టిన్ లోపించిన ఎలుకల హైపోతలమసులో ఆనందమైడువంటి పదార్థములు హెచ్చుగా నుండుననియు, లెప్టిన్ నిచ్చినచో తగ్గుననియు 2001లో డి మార్జో, ఆయన సహచరులు చూపిరి. ఉపవాసమున లెప్టిన్ తగ్గును, కళ్ళెము సడలును. ఇది ఆకలి.

యావ మాట మరింత చిత్రము. హైపోతలమసులో 'ఇక చాలు' అని తెలుపు కణములు కొన్ని కలవు. అవి ఒకే మాతృకనుండి రెండు పదార్థములను పుట్టించును: ఒకటి తిండిని మాన్పించునది, రెండవది బీటా ఎండార్ఫిన్. ఒకే ధాతువు విరుద్ధార్థముల నిచ్చుట వైయాకరణులకు కొత్త గాదు. గంజాయిజాతి పదార్థము సోకినపుడు ఈ కణములు బీటా ఎండార్ఫిన్‌నే విడుచుననియు, కడుపు నిండిన ఎలుకలు సైతము దానివలన మరల తినుననియు 2015లో యేల్ విశ్వవిద్యాలయమునందలి హోర్వాత్ బృందము నిరూపించెను. తృప్తిని చెప్పవలసిన నోరే తిండిని పిలుచుచున్నది.

ఆ గ్రాహకమును మూసివేసినచో స్థూలకాయము తగ్గునను తలపుతో రిమోనబంట్ అను మందు 2006లో ఐరోపాలో అమ్మకమునకు వచ్చెను. తిండి తగ్గినది, బరువును తగ్గినది. కాని సేవించినవారిలో కొందరికి విషాదము, ఆత్మహత్యాచింత కలుగుటచే 2008లో దానిని ఉపసంహరించిరి.