సరసుకి అమ్మమ్మ ఉత్తరం



నీ ఉత్తరం చదివిన రాత్రి అమ్మమ్మకి కునుకు పట్టలేదు. విశాఖ స్టేషన్‌లో ఫోన్ ఛార్జింగ్ అయిపోతే, పక్కావిడ తన ఫోన్ చేతికిస్తే, అమ్మ నంబరైనా గుర్తు రాలేదా తల్లీ? గంటన్నర బెంచీ మీదే ఉన్నావట. ఏమైనా తిన్నావో లేదో రాయనే లేదు.

అంకెలు బుర్రకెక్కవని అనకు. మనవాళ్లు వాటిని అక్షరాల్లో దాచారు. కటపయాది అంటారు. క నుంచి ఝ దాకా, ట నుంచి ధ దాకా 1 మొదలు 9. ఞ, న సున్నాలు. ప నుంచి మ దాకా 1 మొదలు 5, య నుంచి హ దాకా 1 మొదలు 8. గుణింతం ఏదైనా విలువ మారదు. మాటలో మొదటి అక్షరం ఒకట్ల స్థానం.

అమ్మమ్మకి పదకొండేళ్లప్పుడు, శంకరాభరణం 72 మేళకర్త రాగాల్లో ఎన్నోదని సంగీతం పంతులుగారు అడిగితే తెల్లమొహం వేసింది. ఆయన విసుక్కోలేదు. పేరు ముందు 'ధీర' ఎందుకు తగిలించారో చూడమన్నారు. ధ 9, ర 2, తిప్పితే 29! తోడికి 'హనుమ' చేరిందీ అందుకే: 08. ఆ సాయంత్రం గోదావరి మెట్ల మీద కూర్చుని, వాన పడుతున్నా లేవకుండా 72 మేళాలూ వేళ్ల మీద లెక్కపెట్టింది. దివ్యమణి దగ్గర 'వ్య'లో య పట్టుకుంటే 18 వచ్చింది, కావలసింది 48. అక్కడ వత్తు వదిలేసి 'వ' పట్టుకోవాలని మర్నాడు తెలిసింది. తడిసినందుకు జలుబూ చేసింది. నువ్వు మాత్రం వానలో తడవకు.

కేరళ జ్యోతిష్కులు చంద్రుడి స్థానాల్ని సైతం ఇలాగే వాక్యాలుగా కట్టి కంఠస్థం చేశారు. 1634లో పారిస్‌లో పియర్ ఎరిగోన్ కూడా అంకెలకు అక్షరాలిచ్చే పద్ధతి అచ్చువేయించాడు.

పది అంకెల నంబరంటే ఐదు మాటలే. పాలు 31, తల 36, నది 80, మేక 15. అమ్మది, నాన్నది, మామయ్యది, హాస్టల్‌ది, ఆధార్ నంబరు, బండి నంబరు, అన్నిటికీ మాటలు కట్టు. పిన్ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోకు, అదీ మాటగానే దాచుకో. రోజుకొక్కటి చాలు. కళ్లు మండేదాకా కూర్చోకు.

సంక్రాంతికి నువ్వెక్కే గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు 12727. 'సరసు రాక' అని రాసుకుని లెక్కకట్టి చూడు. ఆ రాత్రి అమ్మమ్మ రాజమండ్రి ప్లాట్‌ఫామ్ మీదే ఉంటుంది.

మీ అమ్మమ్మ