గోబర్ గ్యాస్ ఉంటే నాచు పెంచుకోవచ్చా?

ఫాల్గుణం దాటితే పచ్చిమేతకు కటకట మొదలవుతుంది. దాణా ఖర్చు తగ్గించుకోవడానికి, పశువుల పాక నుంచి వచ్చే వాయువులతో నాచు పెంచి దాన్నే మేపవచ్చా అని పాడి రైతులు అడుగుతున్నారు. మేపవచ్చు. అయితే అది అందరికీ గిట్టుబాటు కాదు.

ఆవులు, గేదెలు వదిలే మీథేన్‌లో ఎక్కువ భాగం నెమరేసేటప్పుడు తేన్పులతోనే పోతుంది. దాన్ని పట్టలేం. చేతికందేది పేడ నుంచి వచ్చే గ్యాసే. గోబర్ గ్యాసులో సుమారు 55–60 శాతం మీథేన్ ఉంటుంది, మిగతాది దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువే. మీథేన్ పొయ్యికి, బొగ్గుపులుసు వాయువు నాచుకు. కిలో ఎండు నాచు తయారవడానికి సుమారు 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువు కావాలి.

అలాగని గ్యాసు గొట్టాన్ని నేరుగా తొట్టిలో ముంచకండి. మీథేన్ నీళ్లలో దాదాపు కరగదు, బుడగలై బయటికి పోతుంది. వంటగ్యాసు దండగ, నిప్పు తగిలితే ప్రమాదం. పైగా వందేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 28 రెట్లు. ముందు గ్యాసును మండించాలి. దానితో జనరేటర్ నడిపే పెద్ద డెయిరీలు ఇంజన్ పొగను చల్లార్చి, ఆరుబయట ఉన్న తొట్టి నీళ్లలోకి పంపవచ్చు.

నాచుల్లో మనకు తగినది స్పైరులినా. క్లోరెల్లా కణాలు మరీ చిన్నవి, గుడ్డలో నిలవవు, యంత్రం కావాలి. స్పైరులినా పోగులుగా పెరుగుతుంది కాబట్టి సన్నని నేత గుడ్డతో వడకట్టుకోవచ్చు. 30–35 డిగ్రీల వేడి, 9 నుంచి 10.5 ఉదజని సూచిక ఉన్న క్షార నీళ్లు దానికి నచ్చుతాయి. అందుకే నీళ్లలో వంటసోడా కలుపుతారు. ఇక్కడే ఒక చిక్కుంది. నాచుకు ఎరువుగా పోసే గోబర్ గ్యాస్ స్లర్రీలోని నత్రజని అంత క్షారంలో అమ్మోనియాగా మారి నాచునే చంపేస్తుంది. స్లర్రీని తేర్చి, వడకట్టి, బాగా పలచన చేసి కొద్దికొద్దిగానే పోయాలి.

ఇక దిగుబడి. బాగా చూసుకుంటే చదరపు మీటరుకు రోజుకు 8–10 గ్రాముల ఎండు నాచు వస్తుంది. అంటే 10 చదరపు మీటర్ల తొట్టి నుంచి వచ్చేది 100 గ్రాముల లోపే. మాంసకృత్తులు 55–65 శాతం ఉన్నా, అది గేదెకు ఏ మూలకు? కోళ్లకైతే పనికొస్తుంది, గుడ్డు సొనకు మంచి రంగు వస్తుంది. స్లర్రీలో రోగక్రిములు ఉండవచ్చు కనుక, దానిపై పెంచిన నాచును ఎండబెట్టి, ల్యాబులో పరీక్ష చేయించాకే మేపండి.

రెండు మూడు పశువులున్న రైతుకు నా సలహా అజొల్లా. ఇది నాచు కాదు, నీటిపై తేలే ఫెర్న్ మొక్క. కానీ గాలిలోని నత్రజనిని దీనికి అందించేది దీని ఆకుల్లో కాపురముండే అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచే. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు గుంటలో ప్లాస్టిక్ షీటు పరచండి. జల్లించిన మట్టి 10–15 కిలోలు, 10 లీటర్ల నీళ్లలో కలిపిన పేడ 2 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 30 గ్రాములు వేసి, 10 సెంటీమీటర్ల మేర నీళ్లు నింపి, అర కిలో నుంచి కిలో దాకా అజొల్లా విత్తనం చల్లండి. 10–15 రోజులకు గుంట నిండుతుంది. అక్కడి నుంచి రోజుకు అర కిలో తీసుకోవచ్చు. 5 రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేస్తుండాలి. 35 డిగ్రీలు దాటితే ఇది మాడిపోతుంది కాబట్టి వేసవిలో చెట్టు నీడో షేడ్‌నెట్టో తప్పనిసరి. పేడ వాసన పోయేలా కడిగి, దాణాలో సమానంగా కలిపి పెట్టండి. పాడి పశువుకు రోజుకు కిలోన్నర నుంచి 2 కిలోల వరకు చాలు. అంత కావాలంటే ఒక్క గుంట సరిపోదు, పశువుకు మూడు నాలుగు గుంటలు తీయాలి.

ఇంకో మాట. వేసవిలో కుంటల మీద పచ్చరంగు పోసినట్టు తెట్టు కడుతుంది. అది మేత నాచు కాదు. అందులో కొన్ని రకాలు కాలేయాన్ని, నరాలను దెబ్బతీసే విషాన్ని వదులుతాయి. అలాంటి కుంటకు ముళ్లకంప అడ్డం పెట్టి, పశువులకు బోరు నీళ్లు తాగించండి. తాగిన పశువు తూలినా, వణికినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.