‘నిన్న ఏం తిన్నవ్?’ అని అడగడం నేర్చుకో

బల్మూర్,
శ్రావణ మాసం.

బిడ్డా,

సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కాలేజీలో నీకు సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే, "ఎంబీబీఎస్ రాలేదక్కా, ఇదే వచ్చింది" అని గొంతు తగ్గించింది. మన చుట్టాల్లో ఒకరైతే "వంట నేర్చుకోనీకి నాలుగేండ్లు చదవాల్నా?" అన్నారట. నువ్వు ఆ మాటలు మనసులో పెట్టుకుని హాస్టల్‌కు పోవడం నాకు ఇష్టం లేదు. ఉద్యోగమంతా అంగన్‌వాడీల చుట్టూ తిరిగినదాన్ని. ఈ చదువు ఎంత పెద్దదో నాకు తెలిసినంత వరకు రాస్తాను, నింపాదిగా చదువుకో.

ముందు జొన్నరొట్టె సంగతి చెప్తాను. ఇప్పుడు షుగర్ వచ్చినవాళ్లంతా రొట్టెకు మళ్లారు, మన అచ్చంపేటలో సాయంత్రమైతే రొట్టెల బండ్ల దగ్గర నిలబడే జాగా ఉండదు. మంచిదే. కానీ ఒకప్పుడు మన దక్కనులో జొన్న తిని బతికే పేదవాళ్లకే ఒక జబ్బు వచ్చేది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. దాని పేరు పెల్లాగ్రా.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మక్కల మీద బతికే పేదలకు ఇదే జబ్బు వస్తే అంటురోగం అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు 1914 నుంచి ఏండ్ల తరబడి పనిచేసి, ఇది క్రిమి వల్ల కాదు, తిండి చాలక వచ్చేదని చూపించాడు. నియాసిన్ అనే బి విటమిన్ ఈ జబ్బును నయం చేస్తుందని 1937 తర్వాత తేలింది. మక్కల్లో ఆ విటమిన్ ఉన్నా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. జొన్నలో ఆ చిక్కు అంతగా లేదు. మరి జొన్న తినేవాళ్లకు ఎందుకు వచ్చినట్టు?

ఈ ప్రశ్నను పట్టుకున్నది ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన పని అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు: జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుందని, ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి ఒంట్లో నియాసిన్ తయారు కావడానికి అది అడ్డు పడుతుండొచ్చని. ఆ మాట మీద తర్వాత చాలా తర్జనభర్జనలు జరిగాయి, నువ్వు క్లాసులో అవన్నీ చదువుతావు. నేను చెప్పదలచుకున్నది వేరు. జొన్న చెడ్డదై ఆ జబ్బు రాలేదు. పప్పు లేక, పాలు లేక, కూర లేక కంచం నిండా జొన్న ఒక్కటే మిగిలినప్పుడు వచ్చింది. తిండిలో వేరే ధాన్యాలు, వేరే పదార్థాలు కలిసిన కొద్దీ వెనక్కి పోయింది. అదే జొన్నను ఇప్పుడు అమృతం అంటున్నారు. ఒక గింజను దేవుణ్ని చేసినా, దయ్యాన్ని చేసినా నమ్మకు. దాని పక్కన ఇంకేముందో అడుగు.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మన పాలమూరు ఇండ్లలో అన్నం కుండ పెద్దదైంది, రొట్టె పెనం మూలకు పోయింది. ఆకలి తగ్గింది, అది చిన్న సంగతి కాదు, తిండి లేక గంజి తాగిన రోజులు నేను చూశాను. అయితే కంచంలో మళ్లీ ఒక్కటే నిండింది. అన్నం, పల్చటి చారు, కారం మెతుకులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి. 2022 డిసెంబర్‌లో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు, రక్తహీనత ఎక్కువని ఎంచిన తొమ్మిది జిల్లాల్లో మన నాగర్‌కర్నూల్ ఒకటి. అంటే నీ చదువుకు అసలు ప్రయోగశాల నీ ఇంటి చుట్టే ఉంది.

ఇక అడగడం ఎట్లనో చెప్తాను. నీకు కాలేజీలో ఇరవై నాలుగు గంటల తిండి లెక్క నేర్పిస్తారు. చూడటానికి చాలా సులువు, చేయడం కష్టం. ఏడో నెల గర్భిణి ఇంటికి పోయి "నిన్న ఏం తిన్నవ్ బిడ్డా?" అంటే "అన్నం తిన్న" అంటుంది. అక్కడితో రాసుకుని లేచిపోతే నీకు దొరికేది ఏమీ లేదు. పొద్దున లేచిన కాడి నుంచి ఆమెతో పాటు నడవాలి. లేవగానే ఏం తాగినవ్? పత్తి చేనుకు ఎప్పుడు పోయినవ్? సద్దిలో ఏం కట్టుకున్నవ్? అక్కడ చాయ్ ఎవరు తెచ్చిన్రు, ఎన్నిసార్లు? అన్నం ఏ గిన్నెతో పెట్టుకున్నవ్, ఆ గిన్నె చూపియ్యి. పప్పు వండితే అడుగున ఉన్న పప్పు ఎవరికి పోయింది, పైన తేరిన నీళ్లు ఎవరికి మిగిలినయ్? ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వులోనే జవాబు ఉంటుంది. మొగుడు, పిల్లలు, అత్తమామలు తిన్నాక కూర్చుంది కాబట్టి ఆమెకు వచ్చింది నీళ్లే. అత్త పక్కన కూర్చుని ఉంటే అది కూడా చెప్పదు. అందుకే నీళ్లు తోడుకోను బావి కాడికో, నల్లా కాడికో ఆమె పోయేటప్పుడు పక్కనే నడువు.

2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. అక్కడే కూర్చుని తినాలని నియమం ఎందుకు పెట్టారంటే, ఇంటికి పోతే ఆ గుడ్డు ఆమె నోట్లోకి పోదు. కొంగులో దాచుకుని పోయి చిన్నోడికి పెడుతుంది. దాన్ని తప్పని ఎట్లా అంటాం? కానీ కూలి పనుల రోజుల్లో మధ్యాహ్నం చేను వదిలి రావాలంటే సగం కూలి పోతుంది. కాబట్టి రిజిస్టర్‌లో పేరున్నంత మాత్రాన ఆమె తిన్నట్టు కాదని గుర్తుంచుకో. ఇది మాంసకృత్తుల లెక్కతో తేలేది కాదు, కూలి లెక్కతో తేలేది. మీ కాలేజీలో ఆహారం, పోషణతో పాటు మనిషి ఎదుగుదల, కుటుంబ వనరులు, విస్తరణ సేవలు కూడా నేర్పిస్తారు. అవన్నీ ఎందుకని విసుక్కోకు, ఇందుకే.

రక్తం తక్కువుంటే మన దగ్గర "ఏడు పాయింట్లే ఉందంట" అంటారు కదా. గర్భిణికి పదకొండు పాయింట్లయినా ఉండాలి. ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడి పరుపు కింద దాచేస్తారు. నల్లగా రావడం మామూలేనని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే చాలామంది మానరు. ఇంకొందరు చాయ్‌తో మింగుతారు, ఆ ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసమో, ఉసిరికాయో దగ్గరుంటే మేలు. ఆ మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంది చూడు, దాన్ని అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకుని, తానూ దాని బారిన పడి లేచినవాడు. ఆ మాత్రను ఎవరి చేతిలోనైనా పెట్టేటప్పుడు నాకు ఆయన తలపుకు వచ్చేవాడు.

నీతో ఒక సంగతి గట్టిగానే అంటాను. హైదరాబాద్‌లో నెలకు ఇన్ని కిలోలు తగ్గిస్తామని బోర్డులు పెట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. ఓట్స్, అవకాడో, క్వినోవా రాసిన కాగితం చేతిలో పెడతారు. నువ్వు రాసే కాగితంలో బల్మూర్ కిరాణా కొట్టులో దొరకనిది ఒక్కటీ ఉండకూడదు. పుంటికూర, తోటకూర, చేను గట్టున తనంతట తానే మొలిచే గంగవాయిలి కూర, చింతచిగురు, పల్లీలు, నువ్వులు, పెసర్లు, పులియబెట్టిన అంబలి. వీటితో కంచం నింపడం చేతనైతే నీకు డిగ్రీ వచ్చినట్టే. అట్లనే, కాన్పు కష్టమైతదని గర్భిణి కడుపు మాడ్చుకోవడం, బాలింతకు కారం మెతుకులు తప్ప పెట్టకపోవడం, ముర్రుపాలు పిండి పారబోయడం, ఇవి చూసినప్పుడు ముసలవ్వల మీద కోప్పడకు. వాళ్ల కాలంలో ఎన్ని చావులు చూసి ఆ భయం పట్టుకుందో ముందు విను. విన్నదాని మాట వాళ్లూ వింటారు.

పైకి చదవాలనుకుంటే తార్నాకలోని పోషకాహార సంస్థలో అనువర్తిత పోషణలో ఎమ్మెస్సీ ఉంది, దాని మీద కన్ను వెయ్యి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి పోస్టులకు ఈ డిగ్రీ పనికొస్తుంది. ఆసుపత్రుల్లో డైటీషియన్లుగా, ఆహార భద్రత విభాగంలోనూ అవకాశాలున్నాయి. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చేయొచ్చు కదా అని ఎవరైనా అంటే, 2025 నుంచి యూజీసీ పోషణ, ఆహార శాస్త్రాల డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వకుండా ఆపేసిందని చెప్పు.

నాలుగో ఏడు మిమ్మల్ని పల్లెల్లో పనికి పంపిస్తారు. ఎక్కడ వేసినా సరే, సెలవుల్లో మాత్రం నల్లమల అంచున ఉన్న చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు, నాతో రా. అక్కడి ఆడవాళ్లకు తెలిసిన గడ్డలు, ఆకులు, పండ్లు మన ఊళ్లో సగం మందికి తెలియవు, రేషన్ బియ్యం అలవాటయ్యాక వాళ్ల పిల్లలకూ తెలియడం తగ్గింది. 2017లో పోషకాహార సంస్థ అచ్చువేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాల లెక్క ఉంది. లైబ్రరీలో చూసి పేర్లు రాసుకో. వాటిలో లేనివి పెంటలో ఎన్ని వినిపిస్తాయో చూద్దాం. వాళ్ల పేరుతోనే రాయాలి, ఏ నెలలో తవ్వుతారో, ఎట్లా ఉడకబెడతారో కూడా రాయాలి.

దసరాకు వచ్చేటప్పుడు కొలత గిన్నెలు, పిల్లల జబ్బ చుట్టూ కొలిచే పట్టీ తీసుకురా. నా దగ్గరున్న పట్టీ రంగు వెలిసిపోయింది, 11.5 సెంటీమీటర్ల ఎర్ర గీత ఎక్కడుందో కనిపించడం లేదు. మన వీధి వెనక ఇంట్లో పాప తూకం రెండు నెలలుగా పెరగలేదు, తల్లి మళ్లీ గర్భంతో ఉంది. ముందు వాళ్లింటికి పోదాం.

నీ పెద్దమ్మ